అతివేగ ఘాతాలు – వ్యోమనౌకల రక్షణ కవచాలు

రెండు ఘన వస్తువులు సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో ఢీకొంటే దాన్ని అతివేగ ఘాతం అంటారు. లోహాల విషయంలో సుమారుగా సెకనుకు 3 కి.మీ. దాటిన ఢీలను ఈ కోవలో చేరుస్తారు. రైఫిల్ గుండు వేగం సెకనుకు 1 కి.మీ.కు అటూఇటూగా ఉంటుంది. భూకక్ష్యలో తిరిగే చెత్త, గ్రహాల మధ్య తేలాడే ఉల్కాధూళి, తోకచుక్కలు వెదజల్లే రేణువులు వ్యోమనౌకలను ఇంతకన్నా ఎన్నో రెట్ల వేగంతో తాకుతాయి. నక్షత్రాల దాకా వెళ్లే నౌకలంటూ కడితే వాటికి ఎదురయ్యే వేగాలు ఇంకా వేల రెట్లు ఎక్కువ.

ఈ వేగాల దగ్గర కవచానికి మందం కన్నా ఎడం ముఖ్యం. వచ్చే రేణువును నిలువరించే ప్రయత్నం మానేసి, పలుచటి పొరతో దాన్ని ముందుగానే ఛిద్రం చేసి, ఆ ముక్కలు చెదిరిపోవడానికి చోటివ్వాలి. భూకక్ష్యలోని అంతరిక్ష కేంద్రం మొదలు కాగితం మీదే ఉన్న నక్షత్ర నౌకల దాకా డిజైన్లు చాలావరకు ఈ సూత్రాన్నే ఆశ్రయించాయి.

వేగం, శక్తి

గతిజ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు 3 కి.మీ. వేగంతో పోయే వస్తువులో, అంతే బరువున్న టీఎన్‌టీ పేలితే వెలువడేటంత శక్తి ఉంటుంది. 10 కి.మీ. దగ్గర అది 12 రెట్లు, 20 కి.మీ. దగ్గర 48 రెట్లు అవుతుంది. 1 సెం.మీ. వ్యాసం ఉన్న అల్యూమినియం గోళం బరువు 1.4 గ్రాములు. అది సెకనుకు 10 కి.మీ. వేగంతో వస్తే దానిలోని శక్తి 70 కిలోజౌళ్లు. టన్ను బరువున్న కారు గంటకు 43 కి.మీ. వేగంతో గోడను గుద్దినా అంతే శక్తి. తేడా ఏమంటే కారు శక్తి దాని ముందు భాగమంతటా పంచుకుపోతుంది. గోళం శక్తి మాత్రం గోరంత చోట, సెకనులో పది లక్షల్లో ఒక వంతు కాలంలో విడుదలవుతుంది.

భూమికి దగ్గరి కక్ష్యల్లో ఉపగ్రహాలు సెకనుకు సుమారు 7.5 కి.మీ. వేగంతో తిరుగుతాయి. రెండు వస్తువులు ఎదురెదురుగా వస్తే ఢీ వేగం 15 కి.మీ. దాకా వెళ్తుంది. కక్ష్యలు ఏదో ఒక కోణంలో ఖండించుకోవడమే ఎక్కువ కాబట్టి సగటు 10 కి.మీ. దగ్గర ఉంటుంది. ఉల్కాధూళి వేగానికి హద్దులు 11, 72 కి.మీ. భూమి ఆకర్షణలో పడిన దేనికైనా కనీసం 11 కి.మీ. వేగం వస్తుంది. సూర్యుడికి బందీగా ఉన్న రేణువుకు భూమి దూరంలో ఉండగలిగిన గరిష్ఠ వేగం 42 కి.మీ.; అది భూమికి ఎదురుగా వస్తే భూమి సొంత వేగం 30 కి.మీ. దానికి తోడవుతుంది. సగటున ఉల్కాధూళి సెకనుకు 20 కి.మీ. వేగంతో తగులుతుంది.

ఢీకొన్న క్షణంలో

అల్యూమినియంలో ధ్వని వేగం సెకనుకు 5 కి.మీ. పైచిలుకు. ఏ ఒత్తిడి కబురైనా ఆ లోహంలో మామూలుగా ఈ వేగంతోనే ప్రయాణిస్తుంది. రేణువు అంతకన్నా వేగంగా దూసుకొస్తే ముందు భాగం నలిగిపోతున్న సంగతి వెనక భాగానికి చేరేలోపే అది కూడా ఢీకొనే చోటికి వచ్చేస్తుంది. పదార్థం పక్కలకు తప్పుకునే వ్యవధి ఉండదు. అందువల్ల తాకిన చోటు నుంచి రెండు వైపులా అఘాత తరంగాలు బయల్దేరతాయి.

సెకనుకు 10 కి.మీ. వేగంతో అల్యూమినియాన్ని అల్యూమినియం ఢీకొన్నప్పుడు ఆ తరంగంలో పీడనం సుమారు 16 లక్షల వాతావరణాలు. గట్టి అల్యూమినియం మిశ్రమ లోహం తట్టుకోగలిగేది కొన్ని వేల వాతావరణాల ఒత్తిడినే. కనుక ఆ క్షణంలో లోహం దృఢత్వం లెక్కలోకే రాదు, అది ద్రవంలా ప్రవహిస్తుంది. తరంగం అవతలి అంచును చేరి పీడనం ఒక్కసారిగా సడలినప్పుడు, నలిగిన లోహంలో మిగిలిన వేడి దాన్ని కరిగిస్తుంది. అల్యూమినియం విషయంలో ఈ కరగడం సెకనుకు 5.5 కి.మీ. దాటాక మొదలై 7 కి.మీ. దగ్గరికి దాదాపు పూర్తవుతుంది. వేగం ఇంకా పెరిగితే లోహం ఆవిరై, అందులో కొంత ప్లాస్మాగా మారుతుంది.

మందమైన లోహం మీద అతివేగ ఘాతం మిగిల్చే గుర్తు అర్ధగోళాకారపు గుంట. దాని వ్యాసం వచ్చిన రేణువుకు కొన్ని రెట్లు ఉంటుంది. చాలా ఏటవాలుగా తగిలితే తప్ప గుంట గుండ్రంగానే ఏర్పడుతుంది. పేలుడులాగా శక్తి అంతా ఒక్క చోటి నుంచి అన్ని వైపులా వ్యాపించడమే దీనికి కారణం.

రేణువు గోడను తొలుచుకుపోకపోయినా ముప్పు తప్పదు. అఘాత తరంగం గోడ వెనక ముఖాన్ని చేరి తిరుగు తరంగంగా మారేటప్పుడు లోహాన్ని లాగుతుంది. ఒత్తిడిని ఓర్చుకున్న లోహం ఈ లాగుడుకు తెగి, లోపలి వైపు పెచ్చు ఊడి వేగంగా ఎగిరిపడుతుంది. బయట గుంట మాత్రమే కనిపిస్తున్నా లోపలున్న పరికరాలు, మనుషులు ఆ పెచ్చు దెబ్బకు గురవుతారు.

విప్పుల్ కవచం

1 సెం.మీ. అల్యూమినియం గోళాన్ని సెకనుకు 10 కి.మీ. వేగం దగ్గర ఒంటి గోడతో ఆపాలంటే 4, 5 సెం.మీ. మందమున్న అల్యూమినియం కావాలి. అంటే చదరపు మీటరుకు 100 కిలోల పైమాటే. అంత బరువును కక్ష్యకు మోయడం గిట్టదు. దీనికి పరిష్కారం మొదటి స్పుత్నిక్‌కు పదేళ్ల ముందే దొరికింది. హార్వర్డ్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విప్పుల్ 1947లో, నౌక గోడకు కొంత ఎడంగా బయట ఒక పలుచటి రేకు అమర్చితే చాలని సూచించాడు. తోకచుక్కల కేంద్రకాలు మంచు, ధూళి కలిసిన గడ్డలని 1950లో ప్రతిపాదించింది కూడా ఈయనే.

బయటి రేకు చేసే పని రేణువులో అఘాత తరంగాన్ని పుట్టించడమే. ఆ దెబ్బకు రేణువు, రేకులో తెగిన ముక్క కలిసి చూర్ణమై, కరిగి, ఆవిరై ఒక మేఘంలా లోపలికి వ్యాపిస్తాయి. మొత్తం ద్రవ్యవేగంలో తరుగేమీ ఉండదు. అయితే ఎడం రెట్టింపైతే మేఘం పరుచుకునే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, గోడ మీద ఒక్కో చోట పడే దెబ్బ ఆ మేరకు తగ్గుతుంది.

రేకు మందానికి వాడుకలో ఉన్న లెక్క, ఆపదలచిన రేణువు వ్యాసంలో సుమారు నాలుగో వంతు. ఇంతకన్నా పలుచనైతే తరంగం రేణువు చివరిదాకా పోకముందే సడలి, వెనక ముక్క చెక్కుచెదరకుండా మిగిలిపోతుంది. మరీ మందమైతే రేకు ముక్కలే గుండ్లవుతాయి. రేకుకూ గోడకూ మధ్య ఎడం రేణువు వ్యాసానికి 30 రెట్లు ఉంటే మంచిది. 1 సెం.మీ. రేణువు కోసమైతే 2.5 మి.మీ. రేకు, 30 సెం.మీ. ఖాళీ కావాలి.

ఈ కవచానికి వేగంతో ఉన్న సంబంధం సూటిగా సాగదు. సెకనుకు 3 కి.మీ. లోపు రేణువు రేకుకు చిల్లు పెట్టి చాలావరకు ముద్దగానే లోపలికి వస్తుంది. అక్కడి దాకా వేగం పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. 3 నుంచి 7 కి.మీ. మధ్య రేణువు మరింతగా చూర్ణమవుతూ పోతుంది కాబట్టి వేగం పెరుగుతున్నా కవచం ఆపగలిగే రేణువు పరిమాణం పెద్దదవుతుంది. 7 కి.మీ. దాటాక మేఘంలోని మొత్తం శక్తి మళ్లీ పైచేయి సాధిస్తుంది. అందుకే 3 కి.మీ. వేగంతో తగిలి గోడను తొలిచే రేణువు 7 కి.మీ. వేగంతో వస్తే అదే గోడ నిలబడవచ్చు.

తరువాతి రూపాలు

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 30 సెం.మీ. ఖాళీ వదిలే వీలు అన్నిచోట్లా లేదు. ప్రయోగ వాహనంలో పట్టాలి కాబట్టి మాడ్యూళ్ల వ్యాసానికి హద్దు ఉంది. ముఖ్యమైన భాగాలకు సుమారు 11 సెం.మీ. ఎడమే దొరికింది. ఆ కొరతను తీర్చడానికి 2 మి.మీ. అల్యూమినియం రేకుకూ, 4.8 మి.మీ. గోడకూ మధ్య నెక్స్‌టెల్ అనే పింగాణీ నారబట్టను, దాని వెనక కెవ్లార్ బట్టను ఆరేసి పొరలుగా పెట్టారు. నెక్స్‌టెల్ మిగిలిన ముక్కలను రెండోసారి చూర్ణం చేస్తుంది, కెవ్లార్ వాటిని ఒడిసిపట్టి నెమ్మదింపజేస్తుంది. మొత్తం కలిపినా బరువు ఒంటి గోడలో నాలుగో వంతుకు మించదు. దీన్ని నింపుడు విప్పుల్ కవచం అనవచ్చు. కేంద్రంలో ఇలాంటి కవచాల రకాలు 100కు పైగా ఉన్నాయి. కేంద్రం ముందుకు సాగే దిక్కున దెబ్బలు ఎక్కువ కనుక అక్కడ బలమైనవి, భూమి వైపు ముఖాలకు తేలికవి అమర్చారు. రష్యా తయారుచేసిన జ్వెజ్దా మాడ్యూల్‌కు అది కక్ష్యకు చేరాక, వ్యోమగాములు స్పేస్‌వాక్ చేసి అదనపు పలకలు బిగించారు.

నాసాలో బర్టన్ కూర్-పాలే, జీన్ లీ క్రూస్ 1980ల చివర్లో ప్రతిపాదించిన మరో రూపంలో, నాలుగు పలుచటి పింగాణీ బట్టలను ఒకదాని వెనక ఒకటి ఎడంగా వేలాడదీస్తారు. రేణువు ప్రతి పొర దగ్గరా కొత్తగా అఘాతానికి గురై మరింత వేడెక్కుతుంది. గాలి నింపి విప్పే మాడ్యూళ్లకు ఇలాంటి మెత్తటి పొరలు బాగా కుదురుతాయి.

ఉపగ్రహాల శరీరాలకు ఎక్కువగా వాడే తేనెపట్టు నిర్మాణపు పలకలు మాత్రం కవచంగా బలహీనమైనవి. రెండు రేకుల మధ్య ఖాళీ ఉన్నా, అందులోని గదుల గోడలు చూర్ణ మేఘాన్ని పక్కలకు పోనీయకుండా తిన్నగా వెనక రేకు మీదికి నడిపిస్తాయి.

గియోటో అనుభవం

విప్పుల్ ఆలోచనకు అతి కఠినమైన పరీక్ష 1986 మార్చి 14న జరిగింది. ఐరోపా అంతరిక్ష సంస్థ నౌక గియోటో ఆ రోజు హేలీ తోకచుక్క కేంద్రకానికి 596 కి.మీ. దగ్గరగా వెళ్లింది. హేలీ సూర్యుడి చుట్టూ గ్రహాలకు ఎదురు దిశలో తిరుగుతుంది, అందువల్ల వాటి సాపేక్ష వేగం సెకనుకు 68 కి.మీ. ఆ వేగం దగ్గర గ్రాములో పదో వంతు ధూళికి 230 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. గియోటో ముందు భాగంలో 1 మి.మీ. అల్యూమినియం రేకు, దాదాపు పావు మీటరు ఖాళీ, దాని వెనక 12 మి.మీ. కెవ్లార్ కవచం అమర్చారు.

కేంద్రకానికి అత్యంత చేరువయ్యే కొన్ని సెకన్ల ముందు ఒక పెద్ద రేణువు తగిలి నౌక భ్రమణాక్షం ఒరిగింది. భూమి వైపు ఉండాల్సిన యాంటెన్నా అటూఇటూ ఊగడంతో అరగంట పాటు సంకేతాలు తెగుతూ వచ్చాయి. కెమెరా మళ్లీ పనిచేయలేదు. నౌక మాత్రం బతికి, 1992 జులైలో గ్రిగ్-స్కెల్లరప్ అనే మరో తోకచుక్కను పలకరించింది.

2004 జనవరి 2న నాసా నౌక స్టార్‌డస్ట్ వైల్డ్ 2 తోకచుక్క పక్కగా సెకనుకు 6.1 కి.మీ. వేగంతో వెళ్లింది. నౌకను విప్పుల్ కవచాలు కాపాడాయి. ధూళిని చెడిపోకుండా పట్టుకోవడానికి మాత్రం ఎదురు పద్ధతి అవసరమైంది. ఎక్కువ భాగం ఖాళీయే ఉండే ఏరోజెల్ దిమ్మెల్లోకి రేణువులు దూసుకుపోయి, అఘాతం పెద్దగా లేకుండా క్రమంగా ఆగాయి. ఆ నమూనాలు 2006 జనవరిలో భూమికి చేరాయి.

ప్రయోగశాలలో

ఇలాంటి ఘాతాలను భూమి మీద సృష్టించే ప్రధాన సాధనం తేలిక వాయు తుపాకీ. మామూలు తుపాకీలో గుండును తోసేది మందుగుండు పొగ. ఏ వాయువైనా ఎంత వేగంగా విస్తరించగలదో దానిలోని అణువుల బరువు నిర్ణయిస్తుంది, అందుకే అన్నింటికన్నా తేలికైన హైడ్రోజన్‌ను ఎంచుకున్నారు. మొదటి దశలో మందుగుండు పేలి ప్లాస్టిక్ ముషలకాన్ని ముందుకు నెడుతుంది. ఆ ముషలకం పొడవైన గొట్టంలో హైడ్రోజన్‌ను నలుపుతూ పోతుంది. పీడనం హద్దు చేరగానే గొట్టం చివర అడ్డుగా ఉన్న లోహపు బిళ్ల పగిలి, హైడ్రోజన్ సన్నటి రెండో గొట్టంలోకి దూకి గోళాన్ని విసురుతుంది. గోళాన్ని పొదిగిన ప్లాస్టిక్ తొడుగు దారిలో విడిపోతుంది. గాలి తీసేసిన గదిలో లక్ష్యాన్ని తాకే గోళాన్ని, దాని వెనక విచ్చుకునే మేఘాన్ని ఎక్స్-రే మెరుపులతో ఫొటో తీస్తారు.

న్యూమెక్సికోలోని నాసా వైట్ శాండ్స్ కేంద్రంలో, జర్మనీలో ఫ్రైబర్గ్‌లోని ఎర్న్‌స్ట్ మాక్ సంస్థలో ఈ పరీక్షలు జరుగుతుంటాయి. ఈ తుపాకులతో మామూలుగా అందే వేగం సెకనుకు 7, 8 కి.మీ. దానికి పైన కవచాల డిజైన్ చాలావరకు కంప్యూటర్ లెక్కల మీద, తక్కువ వేగపు ఫలితాల నుంచి వేసిన అంచనాల మీద ఆధారపడుతుంది. మైక్రాన్ కన్నా చిన్న ధూళికి విద్యుదావేశం ఎక్కించి సెకనుకు పదుల కిలోమీటర్ల వేగాన్ని ఇచ్చే యంత్రాలున్నా, మిల్లీమీటరు గోళాలను అవి విసరలేవు.

కక్ష్యలో తగిలిన దెబ్బలు

1983లో ఛాలెంజర్ షటిల్ కిటికీ మీద మిల్లీమీటర్ల వెడల్పున గుంట పడింది. దాన్ని చేసింది 0.2 మి.మీ. రంగు పెచ్చు అని అందులో మిగిలిన టైటానియం ఆనవాళ్లను బట్టి తేల్చారు. 1984లో కక్ష్యలో వదిలి 1990 జనవరిలో వెనక్కి తెచ్చిన ఎల్‌డీఈఎఫ్ ఉపగ్రహం మీద కంటికి కనిపించే గుంటలు 30 వేలకు పైగా లెక్కతేలాయి. 2016 ఆగస్టులో సెంటినెల్-1ఏ ఉపగ్రహపు సౌరఫలకానికి కొన్ని మిల్లీమీటర్ల రేణువు తగిలి 40 సెం.మీ. మేర దెబ్బతింది. 2022 మేలో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ అద్దాల్లో ఒకదాన్ని అనుకున్నదానికన్నా పెద్ద రేణువు తాకింది.

2022 డిసెంబరులో అంతరిక్ష కేంద్రానికి అతికి ఉన్న సోయజ్ ఎంఎస్-22 నౌక నుంచి శీతలీకరణ ద్రవమంతా బయటికి చిమ్మింది. రేడియేటర్ గొట్టానికి పడిన చిల్లు మిల్లీమీటరు లోపే. సూక్ష్మ ఉల్క వల్లనేనని రష్యా నిర్ధారణకు వచ్చింది. దానిలో తిరిగి రావాల్సిన ముగ్గురి కోసం ఖాళీ నౌకను పంపారు. అమెరికా వ్యోమగామి ఫ్రాంక్ రూబియో మొత్తం 371 రోజులు కక్ష్యలో ఉండాల్సి వచ్చింది. ఇలాంటి సంఘటనల్లో దెబ్బ తగిలేది కవచం వేయలేని చోటే. సౌరఫలకం, అద్దం, రేడియేటర్ తమ పని చేయాలంటే ఆకాశానికి తెరుచుకునే ఉండాలి.

కవచం చాలని చోట

ఇప్పటి కవచాలు సుమారు 1 సెం.మీ. దాకా రేణువులను ఆపగలవు. భూమి మీది రాడార్లు నిత్యం వెంబడించేవి ప్రధానంగా 10 సెం.మీ. కన్నా పెద్దవాటిని. ఈ రెంటి మధ్య ఉన్న ముక్కలను ఆపడమూ కష్టమే, ముందుగా చూడడమూ కష్టమే. ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనాలో వాటి సంఖ్య 10 లక్షలకు పైగా. కవచాన్ని పెంచి ఈ ఖాళీ పూడ్చడం సాధ్యం కాదు. రేణువు వ్యాసం రెట్టింపైతే రేకు మందం, ఎడం రెండూ రెట్టింపు కావాలి.

కనుక పెద్దవాటి నుంచి తప్పుకోవడం, కొత్తవి పుట్టకుండా చూడడం రక్షణలో భాగమయ్యాయి. అంతరిక్ష కేంద్రాన్ని ఢీకొనే అవకాశం 10 వేలలో ఒకటి దాటితే దాని కక్ష్య మార్చుతారు. శ్రీహరికోటలో 2023 జులై 14న చంద్రయాన్-3 ప్రయోగాన్ని 4 సెకన్లు, అదే నెల 30న పీఎస్ఎల్‌వీ-సీ56ను ఒక నిమిషం వెనక్కి జరిపింది ఈ లెక్కలతోనే.

ఒక ఢీలో పుట్టిన ముక్కలు మరిన్ని ఢీలకు దారితీస్తాయని డోనాల్డ్ కెస్లర్, కూర్-పాలే 1978లోనే హెచ్చరించారు. 2007 జనవరిలో చైనా తన ఫెంగ్‌యున్-1సీ ఉపగ్రహాన్ని క్షిపణితో కూల్చినప్పుడు 3,000కు పైగా వెంబడించదగిన ముక్కలు ఏర్పడ్డాయి. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద 789 కి.మీ. ఎత్తున ఇరిడియం 33, కాస్మోస్ 2251 ఉపగ్రహాలు సెకనుకు 11.7 కి.మీ. వేగంతో ఢీకొన్నాయి. భారత్ 2019 మార్చి 27న మిషన్ శక్తి అనే ఉపగ్రహ విధ్వంస పరీక్షకు 300 కి.మీ. లోపు ఎత్తును ఎంచుకుంది. అక్కడ గాలి నిరోధం ముక్కలను త్వరగా కిందికి లాగుతుంది. అయినా ఘాతంలో కొన్ని ముక్కలు చాలా పైకి ఎగిరాయి. 2023 మార్చిలో ఇస్రో పని ముగిసిన మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహాన్ని పసిఫిక్ మీద కూల్చింది. 2030 నాటికి చెత్త మిగల్చని ప్రయోగాలే చేయాలన్నది దాని లక్ష్యం.

నక్షత్రాల మధ్య

2016 ఏప్రిల్‌లో ప్రకటించిన బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ పథకం, గ్రాము తూగే నౌకలను కాంతి వేగంలో 20 శాతానికి చేర్చి ఆల్ఫా సెంటారీకి పంపాలని తలపెట్టింది. ఆ వేగం సెకనుకు 60 వేల కి.మీ. సెకనుకు 10 కి.మీ.తో పోలిస్తే అదే రేణువు శక్తి 3.7 కోట్ల రెట్లు. మిల్లీగ్రాము ధూళి 440 కిలోల టీఎన్‌టీకి సమానం. నక్షత్రాల మధ్య సాధారణంగా ఉండే మైక్రాన్ లోపు రేణువులే పైపొరను కొరుక్కుతింటాయి.

ఇక్కడ భౌతిక శాస్త్రమే మారిపోతుంది. రేణువును కలిపి ఉంచే రసాయన బంధాలు ఈ శక్తి ముందు లెక్కలోకి రావు. అది కవచంలోకి చొరబడే అణువుల గుంపు మాత్రమే, అంటే ఒక రేడియేషన్ పుంజం. నక్షత్రాల మధ్య ఉండే వాయువు కూడా రేడియేషనే. ఎదురొచ్చే ప్రతి ప్రోటాన్‌కు 1.9 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది, అల్యూమినియంలో అది 2 మి.మీ. దాకా చొచ్చుకుపోతుంది. ఘన సెంటీమీటరుకు ఒక అణువు ఉందనుకుంటే నౌక ముఖం మీద చదరపు మీటరుకు దాదాపు 190 వాట్లు పడతాయి. కాంతి వేగంలో 99 శాతం దగ్గర అది 270 కిలోవాట్లు, భూమి వాతావరణానికి పైన పడే సూర్యకాంతికి 200 రెట్లు.

స్టార్‌షాట్ కోసం థియెమ్ హోవాంగ్ బృందం 2017లో ప్రచురించిన లెక్కల ప్రకారం దారిలో తగిలే ధూళి ముందు ముఖాన్ని అర మిల్లీమీటరు మేర అరగదీస్తుంది. వాయువులోని బరువైన అణువులు క్వార్ట్జ్‌లో 0.1 మి.మీ. లోతు గాట్లు పెడతాయి. నౌకను సన్నగా, పొడవుగా చేసి ముందు ముఖం వైశాల్యం తగ్గించడం, దాని మీద గ్రాఫైట్ లేదా బెరీలియం వంటి తేలిక మూలకపు పొర వేయడం వారి సూచనలు. సుమారు 15 మైక్రాన్ల రేణువు తగిలితే నౌక మిగలదు, కాకపోతే అలాంటిది ఎదురుపడటం చాలా అరుదు.

బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ 1973–78 మధ్య గీసిన డేడలస్ నౌక కాంతి వేగంలో 12 శాతంతో బర్నార్డ్ నక్షత్రానికి వెళ్లాలి. ముందు 7 మి.మీ. దాకా మందం, 50 టన్నుల దాకా బరువున్న బెరీలియం పళ్లెం అమర్చారు. ధూళి దట్టంగా ఉండే గమ్యం దగ్గర నౌకకు 200 కి.మీ. ముందు సన్నటి రేణువుల మేఘాన్ని పంపాలనుకున్నారు. ఎదురొచ్చే రాయి ఆ మేఘాన్ని తాకి ప్లాస్మా అయి, నౌక చేరేలోపు చెదిరిపోతుంది. విప్పుల్ రేకుకూ దీనికీ సూత్రంలో తేడా లేదు, ఎడం మాత్రం సెంటీమీటర్ల నుంచి వందల కిలోమీటర్లకు పెరిగింది. ఆర్థర్ సి. క్లార్క్ 1986 నవల ‘ది సాంగ్స్ ఆఫ్ డిస్టెంట్ ఎర్త్’లో నౌక ముందు మంచు కవచం ఉంటుంది. అరిగిన మంచును తిరిగి పేర్చుకోవడానికే అది మధ్యలో ఒక గ్రహం దగ్గర ఆగుతుంది.

అయస్కాంత క్షేత్రంతో తప్పించడం మరో ఆలోచన. విద్యుదావేశం లేని అణువులను అయస్కాంతం కదిలించలేదు. ముందు పలుచటి రేకుతో వాటి ఎలక్ట్రాన్లను ఊడగొడితే తరువాతి క్షేత్రం అయాన్లను పక్కకు మళ్లించగలదు. ఇందులోనూ మొదటి పొర పని ఆపడం కాదు, వచ్చేదాని రూపం మార్చడం.

ఈ ప్రతిపాదనల్లో పరీక్షకు నిలబెట్టగలిగేవి కొన్నే. అంతటి వేగం గల ప్రోటాన్లు, అయాన్లు ఆస్పత్రుల్లో, పరిశోధనశాలల్లో ఉండే కణ త్వరణ యంత్రాల్లో రోజూ దొరుకుతాయి కాబట్టి వాయువు దెబ్బను కవచ పదార్థాల మీద నేరుగా కొలవవచ్చు. కోట్ల అణువులున్న ధూళి రేణువును కాంతి వేగంలో ఐదో వంతుకు తీసుకెళ్లే యంత్రం మాత్రం ఎక్కడా లేదు. నక్షత్ర నౌకల కవచ శాస్త్రంలో ధూళికి సంబంధించిన భాగం అంతా ఇప్పటికి లెక్కల మీదే నిలబడి ఉంది.